రొట్టె చప్పుడు

దుర్గ సిస్టర్ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నాయిన ఆమెను గేటు దగ్గరే ఆపాడు.

"సిస్టర్, జెర ఒక్క మాట. మా ఆమెకు ఏం చెప్పకుండ్రి. తక్కువైతదనే అనుకుంటున్నది."

ఆమె సరేనని గానీ కాదని గానీ అనలేదు. చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చింది. ఇక మందులతో నయం కాదని పెద్ద డాక్టర్లు ఇంటికి పంపించేసిన వాళ్లను వారానికోసారి చూసి వెళ్లడం ఆమె పని. సంగారెడ్డి నుంచి వ్యాన్‌లో వస్తుంది. గడ్డపోతారం చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమెవే.

నేను తలుపు వెనక నిలబడ్డాను. నా పదో తరగతి పరీక్షలు అప్పుడే అయిపోయాయి. ఇంటికి ఎవరొచ్చినా తలుపు వెనక్కి వెళ్లడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. మా ఊరి బడిలో సార్లకు నా రాత తెలుసు, నా గొంతు తెలియదు. మాట్లాడాల్సినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

సిస్టర్ కుర్చీ వద్దని అమ్మ మంచం పక్కన కింద కూర్చుంది. అమ్మ ఎడమ చెయ్యి భుజం నుంచి వేళ్ల దాకా వాచి ఉంది. రొమ్ముకు వచ్చిన జబ్బు ఆపరేషన్ చేసినా, ఊళ్లో కరెంటు పెట్టడం అనే రేడియేషన్ ఇచ్చినా నడుము ఎముకల్లోకి దిగింది. సిస్టర్ ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని మెల్లగా వేళ్ల నుంచి పైకి నిమురుతూ అడిగింది.

"అక్కా, నొప్పి గోలీలు ఎవరి దగ్గరుంటయ్?"

"మా ఆయన దగ్గర. బీరువల పెట్టి తాళమేస్తడు. గట్టి మందంట గదా."

"నొప్పి ఎవరికి?"

అమ్మ నవ్వింది. "నాకే."

"మరి గోలీలు నీ తలకాడ ఉండాలె."

నాయిన గడపలోనే నిలబడి ఉన్నాడు. "అవి మత్తు గోలీలు సిస్టర్. ఎక్కువ తక్కువ ఏసుకుంటే ఎట్ల?"

"నేను నేర్పిస్త అన్నా. ఇంతమందికి కొలవకుండ ఎసరు పోసిన మనిషి. గోలీ ఏసుకునుడు రాదా?"

మా నానమ్మ నర్సింహమ్మ మూలన కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆ మాటకు తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. అమ్మ కాసేపు తన చేతిని చూసుకుని అంది.

"సిస్టర్, ఇది తక్కువైతదా?"

నాయిన దగ్గాడు. సిస్టర్ ఆయన వైపు చూడలేదు. "నీకేమనిపిస్తున్నదక్కా?" అంది.

"కరెంటు పెట్టుడు బంద్ చేసి ఇంటికి పొమ్మన్ననాడే తెల్సింది. ఈయన ఎప్పుడు చెప్తడో అని చూస్తున్న."

నాయిన వెంటనే బయటికి వెళ్లిపోయాడు. మోటారు వేసే చప్పుడు వినిపించింది. అప్పుడు నీళ్లతో పనేమీ లేదు.

"తక్కువ గాదక్కా," అంది సిస్టర్. "నొప్పి మాత్రం తక్కువ జేద్దాం. ఉన్న ఓపిక ఎందుకు వాడుకోవాల్నో నువ్వే చెప్పాలె. ఏం చెయ్యాలని ఉంది నీకు?"

"ఏం జేస్తది, పండుకోవాలె," అంది నానమ్మ.

"రొట్టెలు చెయ్యాలె," అంది అమ్మ.

నానమ్మ ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. చలికాలం నుంచి మా ఇంట్లో రొట్టెలు చేస్తున్నది నేనే. నా రొట్టె ఎప్పుడూ గుండ్రంగా రాదు. మా చెల్లి తనుశ్రీ దాన్ని చూసి, ఇది ఇండియా, ఇది శ్రీలంక అనేది. అది రెండో తరగతి. అమ్మ చేతి రొట్టె పెనం మీద పొంగుతుంటే ఎదురుగా కూర్చుని చప్పట్లు కొట్టేది.

"నవ్వకుండ్రి," అంది అమ్మ. "మంచం మీద కూసొని తినుడే అయితున్నది. ఎవరో చేస్తే తింటున్న, తిన్న కంచం ఎవరో తోముతున్నరు. నా చేతి మీద ఇంట్లోళ్లు ఒక్క పూట తినాలె. ఇంకేమొద్దు."

"చేద్దాం," అంది సిస్టర్, అదేదో మందు పేరు విన్నట్టుగా. తరువాత తలుపు వైపు చూసి, "ఆ తలుపుకు కాళ్లున్నయి, దాన్ని కూడ ఇటు రమ్మను అక్కా. దాంతోటి పనున్నది," అంది.

అలా నేను బయటికి వచ్చాను.

*

రొట్టె చేయడంలో ఇన్ని పనులుంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. సిస్టర్ వాటిని విడదీసింది. పిండి జల్లించడం పొద్దున, అదీ నేనే. ఎసరు పెట్టడం నేను. పిసకడం అమ్మ, కానీ ఒక్కొక్క రొట్టెకు సరిపడా మాత్రమే. కింద పీట ముందు కూర్చోకూడదు, నడుం ఒప్పుకోదు. ఎత్తు స్టూలు మీద కూర్చోవాలి, పొయ్యి తన మోచేతి ఎత్తులో ఉండాలి. నొప్పి గోలీ అరగంట ముందు వేసుకోవాలి. వాచిన చెయ్యి దిండు మీద, తట్టేది కుడి చేత్తోనే.

"ఒక్క చేత్తోటి రొట్టె తిరుగుతదా సిస్టర్?" అంది అమ్మ.

"నాకేం ఎరుక. నాకు రొట్టె రాదు. నువ్వే కనిపెట్టాలె."

అమ్మ కనిపెట్టింది. పీట మీద మైనపు కాగితం వేసి, కాగితాన్ని తిప్పుతూ తట్టింది. మొదటి రోజు ఒక్క రొట్టెకే చెమటలు పోసి మంచం ఎక్కింది. ఎక్కేముందు పెనం వైపు చూసి, "అంచు ఇరిగింది," అని తనను తాను తిట్టుకుంది.

గోలీల డబ్బా అమ్మ దిండు కిందికి వచ్చింది. గడియారం చూసి తనే వేసుకునేది. మలబద్ధకానికి వేరే మందు, అది మరిచిపోతే మర్నాడు ఏమవుతుందో కూడా తనే చెప్పేది. నొప్పి పెరిగితే ఎంత పెరిగిందో సిస్టర్‌కు ఫోన్ చేసి చెప్పేది. "నిన్నటి లెక్క లేదు సిస్టర్, మొన్నటి లెక్క ఉన్నది." చూడటానికి వచ్చే చుట్టాలు అన్ని వేళలా వచ్చి కూర్చుని ఏడిస్తే ఓపికంతా వాళ్లకే పోతోందని, పొద్దుటి పూటే రమ్మని కబురు పంపింది. నానమ్మకు అది నచ్చలేదు. "రోగమొచ్చినోళ్లు టైమ్ ఇచ్చుడు యాడన్న ఉన్నదా? ఆఫీసరమ్మ అయింది మాణెమ్మ," అని వాకిట్లో గొణిగింది. అమ్మ లోపలి నుంచి, "సంతకం ఒక్కటే రాదత్తమ్మా," అంది.

నడక కూడా ఉండేది. రోజూ కొంచెం ఎక్కువ. మంచం నుంచి గడప, గడప నుంచి వాకిలి, కొన్నాళ్లకు బోరు దాకా. నేను పక్కన ఉండాలి, కానీ పట్టుకోకూడదని సిస్టర్ చెప్పింది. "పడితె పట్టుకో. పడకముందే పట్టుకుంటే ఆమెకు నడుచుడు రాదు."

వైశాఖం నడుమ ఒక సాయంత్రం అమ్మ ఇంటిల్లిపాదికీ సరిపడా రొట్టెలు చేసింది. కొత్త జొన్నలు. తెల్లగా, పొంగి, అంచు విరగకుండా. ఆ టపటప చప్పుడు చాలా నెలల తరువాత మా ఇంట్లో వినిపించింది. తనుశ్రీ పరుగున వచ్చి స్టూలు కాళ్ల దగ్గర కూర్చుంది. నేను గంపలో గుడ్డ పరిచి ఒక్కొక్కటే పేర్చాను. అమ్మ ఒక రొట్టె తుంచి, కారం అద్ది, తనుశ్రీ నోటికి అందించబోయింది.

"తనూ, ఇట్రా," అన్నాడు నాయిన. అప్పుడే షిఫ్టు నుంచి వచ్చాడు. "రాత్రి పూట జొన్నరొట్టె అరగది దానికి. మొన్న కడుపునొప్పి అన్నది గదా."

"నేనెప్పుడన్న?" అంది తనుశ్రీ.

"అన్నవు. రా."

అమ్మ ఆ ముక్క తన నోట్లోనే పెట్టుకుంది. "పిల్లకు వద్దులే, నువ్వు తిను. వేడివేడిగ ఉన్నయి," అంది నాయినతో.

"కంపెనీ క్యాంటీన్ల తిన్న. పొద్దున టిఫిన్‌ల పెట్టుకపోత."

మరునాడు టిఫిన్‌లో పెట్టుకుని వెళ్లాడు. ఖాళీ డబ్బా తెచ్చాడు. అమ్మ ఆ డబ్బా మూత తీసి చూసి, ఏమీ మిగల్లేదని నాకు చూపించింది. ఆ వారమంతా తన నడకలో ఒక తేడా ఉండింది. నేను పక్కన ఉన్నాననే మరిచిపోయి నడిచేది.

నేను మాత్రం మధ్యాహ్నాలు అమ్మ మంచం మీదే కూర్చుని, అమ్మ కంచంలోనే, అమ్మ రొట్టె తిన్నాను. అమ్మకు వేరే కంచం, వేరే గ్లాసు, వేరే బకెట్ ఉండేవి. సెలైన్‌లో మందు ఎక్కించడం మొదలైనప్పుడు నాయినే కొని తెచ్చాడు. "మన రోగాలు ఆమెకు అంటొద్దు," అన్నాడు. ఆమె బట్టలు కూడా తనే వేరేగా ఉతికేవాడు. ఊళ్లో అలాంటి మగవాడు లేడని అమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేది.

*

ఒక రోజు సిస్టర్ వచ్చేసరికి నాయిన పెరట్లో అమ్మ బట్టలు పిండుతున్నాడు. చేతులకు మోచేతుల దాకా గ్లౌజులు. మూతికి మాస్కు. సిస్టర్ కాసేపు నిలబడి చూసింది.

"ఏందన్నా ఇది?"

నేను బోరు దగ్గర బిందె పట్టుకుని ఉన్నాను. నాయిన నన్ను చూశాడు గానీ పొమ్మనలేదు. బహుశా ఎవరికైనా చెప్పాలని చాలా రోజులుగా ఉండి ఉంటుంది.

"మీరు నవ్వుతరు సిస్టర్. ఆమెకు ఎక్కించిన మందు మా కంపెనీ ఆరో బ్లాక్‌లనే తయారైతది. నేను దాంట్లనే చేస్త. లోపలికి పోవాలంటే తలకాయకు తొడుగు, గాలికి గొట్టం, రెండు జతల గ్లౌజులు. ఇడిసిన బట్టలు ఇంటికి తేనియ్యరు. ఒకని గ్లౌజు చిరిగిందని షిఫ్టు మొత్తం ఆపిన్రు. సేఫ్టీ సారు ఏడాదికోసారి సినిమా ఏసి చూపిస్తడు. తోలు మీద పడితే లోపలికి గుంజుతదంట. కడుపుతోటి ఉన్నోళ్లు ఆ గోడ దిక్కు గూడ రావద్దంట. గసువంటి మందు ఆమె నరాలల్ల సీసాలకు సీసాలు పోసిన్రు. చెమటల రాదా సిస్టర్? ఆ చేతులతోటి పిండి పిసుకుతున్నది. పిల్లలున్నరు ఇంట్ల."

సిస్టర్ నవ్వలేదు. అక్కడే బట్టలుతికే బండ మీద కూర్చుంది.

"నువ్వు చెప్పింది అబద్ధం గాదన్నా. మీ దగ్గర ఉండేది పొడి. ఎక్కించినంక కొన్ని రోజులు ఉచ్చల, చెమటల పోతది. గప్పుడు జాగర్త పడాలె. పడ్డవు, మంచిదే. కానీ ఆఖరి సీసా ఎప్పుడెక్కించిన్రు? దసరా ముందట. ఇప్పుడు ఆమె ఒంట్ల ఆ మందు ఇంత గూడ లేదు. ఈ రోగం గూడ అంటేది గాదు."

"మీకు ఆ బ్లాక్ తెల్వది సిస్టర్."

"నాకు ఆ రోగం తెల్సు."

ఆమె లేచి లోపలికి వెళ్లి గంపలో నుంచి ఒక రొట్టె తెచ్చింది. నాయిన ఎదురుగా నిలబడి, ఏమీ నంజుకోకుండా, సగం తిన్నది. గ్లౌజులు లేకుండా ఆరో బ్లాక్‌లోకి వెళ్లే మనిషిని చూస్తున్నట్టు నాయిన ఆమెను చూశాడు.

"సూడు, ఏమన్న అయిందా?"

"సరే సిస్టర్," అన్నాడు నాయిన.

ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. ఆ సాయంత్రం కూడా అమ్మ రొట్టెలు చేసింది, నేను గంపను వంటింట్లో పెట్టాను, పొద్దున్నకు గంప ఖాళీ అయ్యింది. తనుశ్రీకి మాత్రం నానమ్మ అన్నమే పెట్టేది. వేసవిలో అన్నమే మంచిదట.

సిస్టర్ చెప్పిన మాటలు అమ్మకు నేను చెప్పలేదు. నాయినకు అర్థమైపోయిందిగా, ఇక ఎందుకనుకున్నాను. అమ్మ ఆ రోజుల్లో మంచం మీద కూర్చుని, రేపటి పిండి ఎంత జల్లించాలో నాకు చెప్పేది. చెబుతూ చెబుతూ నిద్రపోయేది.

*

మిరుగు కార్తెలో మబ్బు పట్టిన ఒక సాయంత్రం అమ్మ బోరు దాటింది.

"ఇయ్యాల కొట్టం దాక పోదాం," అంది.

కొట్టం పెరటి చివర ఉంటుంది. ఒకే ఒక్క బర్రె. నాయిన కంపెనీలో చేరాక, బోరు నీళ్లు పొలానికి పనికిరాకుండా పోయాక మిగిలింది అదే. దాని దగ్గరికి అమ్మ చలికాలం తరువాత వెళ్లలేదు. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. నేను చెయ్యి చాపితే, "పడలే గదా ఇంక," అంది.

నానమ్మ కొట్టంలో ఉంది. చేతిలో రొట్టెల గంప ఉంది. గంపలోని రొట్టెలను తుంచి కుడితి గోలెంలో వేస్తోంది. అప్పటికే వేసినవి తవుడు నీళ్లలో తేలుతున్నాయి. నిన్న సాయంత్రం అమ్మ చేసినవి, పొద్దున్నకే అయిపోయాయని నేను అనుకున్నవి. వాటిలో ఒకటి ఇంకా తుంచలేదు, గుండ్రంగానే ఉంది.

బర్రె ముట్టె ముంచి తింటోంది.

అమ్మ కొట్టం గుంజను పట్టుకుని నిలబడింది. నానమ్మ మమ్మల్ని చూసి గంప వెనక్కి పెట్టుకోబోయి, ఇక పెట్టుకుని ఏం లాభమని కింద పెట్టేసింది.

"రోజూనా అత్తమ్మా?" అంది అమ్మ.

"నా మీద కోపం జెయ్యకు పిల్లా. నీ మొగడు అంజిగాడే వద్దన్నడు. నీ చెమటల ఆ మందు ఉన్నదంట, వాళ్ల కంపెనీల చెప్పిన్రంట. ఊరి బయట పారెయ్యమన్నడు. నాకు చేతులు రాలె. జొన్నలాయె."

"టిఫిన్‌లవి?"

నానమ్మ కొంగుతో చేతుల తడి తుడుచుకుంది.

అమ్మ కాసేపు బర్రెనే చూసింది. నాకు అమ్మ ముఖం కనబడలేదు, పక్క నుంచి చెంప మాత్రమే కనబడింది.

"దీని పాలు తనుశ్రీ తాగుతున్నది గదత్తమ్మా," అంది.

"ఆ?"

"పాలు. రొట్టె తింటేనే రోగమొస్తే, పాలల్ల రాదా?"

ఆ సంగతి నానమ్మకు గానీ నాయినకు గానీ తట్టినట్టు లేదు.

"తిననియ్యి," అంది అమ్మ. "మంచిగ తింటున్నది."

తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడా ఆగలేదు. నేనే వెనకబడ్డాను. నాయిన అప్పుడే బండి దిగుతూ అమ్మను చూశాడు.

"కొట్టం దాక నడిచినవా? శాబాష్," అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు.

"ఆఁ. కొట్టం దాక పోయిన," అంది అమ్మ.

నాయిన హెల్మెట్ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పెరట్లో నుంచి నానమ్మ ఖాళీ గంపతో వచ్చింది. తనుశ్రీ వచ్చి బండి అద్దంలో పళ్లు చూసుకుంది. అమ్మ మంచం ఎక్కి గడియారం చూసి తన గోలీ తాను వేసుకుంది.

ఆ మరునాడు సాయంత్రం నేను ఎసరు పెట్టనా అని అడిగాను.

"ఓపిక లేదు బిడ్డా."

ఓపిక ఉంది. ఆ రోజు మధ్యాహ్నం తనకొకటి, నాకొకటి చేసింది. ఆ తరువాత కూడా అంతే చేసింది. రెండు రొట్టెల చప్పుడు ఎంతసేపు ఉంటుంది. మొదలైందని తెలిసేలోపే అయిపోయేది. ఒకసారి నానమ్మ వంటింటి గడప దాకా వచ్చి, "నాకొకటి ఇయ్యి మాణెమ్మా, తింట," అంది. "నీకెందుకత్తమ్మా ఈ వయసుల పరేషాన్," అంది అమ్మ, కోపం లేకుండా.

*

ఆ వారం సిస్టర్ వచ్చి ఎప్పటిలాగే కింద కూర్చుని, ఈ వారం ఏం చేద్దామని అడిగింది.

"మొన్న నువ్వొక దవాఖాన సంగతి చెప్పినవు," అంది అమ్మ. "ఇంట్ల చూసుకునెటోళ్లు లేనోళ్లు ఉండేది. ఆడ నాకు మంచం ఇప్పియ్యి."

"నీకు ఉన్నరు గదక్కా."

"ఇప్పియ్యి."

సిస్టర్ నా వైపు చూసింది. వెళ్లేటప్పుడు వ్యాన్ దగ్గరికి రమ్మంది. నేను చెప్పాను. గోలెం, గంప, టిఫిన్, అన్నీ. ఒకరితో నేను అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఆమె వ్యాన్ తలుపు పట్టుకుని నిలబడింది. "ఆయన ముందటనే తిన్న గదనే," అంది. కొంచెంసేపటికి మళ్లీ, "నడువు నడువు అని నేనే నడిపిస్తి," అంది.

మర్నాడు నాయిన షిఫ్టు చూసుకుని ఆమె ప్రత్యేకంగా వచ్చింది. చాలాసేపు మాట్లాడింది. ఈసారి నాయిన వాదించలేదు. ఏడ్చాడు.

"నాది తప్పే సిస్టర్. పిల్లల గురించి భయపడ్డ. కానీ ఆమెను బయటేసిన్నని ఊరు ఊరంత అంటది. నేను తలకాయ ఎత్తుకొని ఎట్ల తిరుగుడు?"

"ఆ మాట నాకు గాదు, ఆమెకు చెప్పు."

నాయిన లోపలికి వెళ్లాడు. నేను గడపలో ఉన్నాను. మంచం పట్టె మీద కూర్చుని, అమ్మ ముఖం కేసి కాకుండా వాచిన చేతి కేసి చూస్తూ మాట్లాడాడు.

"ఇంట్ల నీకేం తక్కువ జేసిన మాణెమ్మా? బట్టలు ఉతికిన. గిన్నెలు తోమిన. ఏ మొగోడు చేస్తడు?"

"ఎవ్వరు చెయ్యరు."

"మరి?"

"తక్కువ ఏం జెయ్యలే. నేనే పోతున్న."

"మందికి ఏమని చెప్పాలె?"

"ఆమెనే పోతనన్నదని చెప్పు. అబద్ధం ఆడినట్టు గూడ గాదు."

"రేపటి సంది తింట. నీ చేతి రొట్టెనే తింట. పిల్లకు గూడ పెడుత."

"మందు మింగినట్టు మింగుతవు," అంది అమ్మ. "వద్దు. నేను రొట్టె చేసింది గందుకు గాదు."

గోలీల డబ్బా, దువ్వెన, రెండు చీరలు తనే సంచిలో పెట్టుకుంది. వాచిన చేతి కింద పెట్టుకునే దిండు నేను పట్టుకున్నాను. వ్యాన్ ఎక్కేముందు తనుశ్రీని దగ్గరికి తీసుకుని జుట్టు సవరించింది. నాయిన ఆపలేదు. ఆపాలనుకున్నాడేమో, చెయ్యి కొంచెం కదిలింది.

*

ఆ దవాఖాన పట్నం అవతల ఉంది. నేను ఆదివారాలు పటాన్‌చెరు దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో వెళ్లేదాన్ని. అమ్మకు నడక తగ్గింది. నొప్పి మాత్రం గడియారం దాటేది కాదు. అక్కడి వాళ్లు గోలీ తెచ్చి ఇవ్వబోతే, "టైమ్ కాలే ఇంక," అని అమ్మే చెప్పేది.

పక్క మంచం మీద నారాయణఖేడ్ దిక్కు ముసలావిడ ఉండేది. పేరు బీరమ్మ. గొంతులో జబ్బు. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి అమ్మ తన మంచం మీద నుంచి వంగి, పెరుగన్నం మెత్తగా పిసికి, గోలీకాయంత ముద్దలు చేసి ఆమె నోట్లో పెడుతోంది. ఒక్కొక్క ముద్దకూ బీరమ్మ కళ్లు మూసుకుని, మింగి, కళ్లు తెరిచేది.

"మీ అమ్మ ముద్ద చిన్నగ జేస్తది," అంది బీరమ్మ, గాలిలాంటి గొంతుతో. "నా కోడలు పెడితే ఒక్కటి దిగలే."

"ఈమె ఇంట్ల ఎవరు కంపెనీల పని చెయ్యరు బిడ్డా," అంది అమ్మ నాతో. "గందుకే తింటున్నది."

అమ్మ అలా మాట్లాడితే నాకు భయమేసింది. ఇంట్లో ఉన్నప్పుడు ఆమె మాటల్లో ఆ పదును ఉండేది కాదు. నేను వెళ్లేటప్పుడు అడిగింది.

"తనుశ్రీ పాలు తాగుతున్నదా?"

"బర్రెను అమ్మేసిన్రమ్మా."

అమ్మ కిటికీ వైపు తిరిగింది. నవ్వుతోందేమో అనుకున్నాను. కాదు.

నాయిన రెండుసార్లు వచ్చాడు. పండ్లు తెచ్చాడు. స్టూలు మీద కూర్చుని, కంపెనీలో ఎవరెవరు అడుగుతున్నారో చెప్పి వెళ్లాడు. తనుశ్రీని తేలేదు. దవాఖానలో రకరకాల రోగాలుంటాయి, పిల్లకు అంటుతాయన్నాడు.

బోనాల నెలలో ఒక పొద్దున ఫోన్ వచ్చింది. దుర్గ సిస్టరే చేసింది. నిద్రలోనే అయ్యిందట. నొప్పి లేకుండా అని రెండుసార్లు చెప్పింది.

*

దినాల నాడు వాకిట్లో టెంటు వేశారు. చుట్టాలందరూ వచ్చారు, ఆరో బ్లాక్ వాళ్లు కూడా వచ్చారు. అమ్మ ఫోటోకు దండ వేసి గోడకు ఆనించారు. అది రోగం రాకముందటి ఫోటో.

సదాశివపేట నుంచి మా పెద్దమ్మ వచ్చింది. అమ్మకు అక్క. వచ్చినప్పటి నుంచీ ఏడ్చి, ఏడుపు తగ్గాక నలుగురి నడుమ నాయినను అడిగింది.

"మరిదీ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. ఇంత పెద్ద ఇల్లుండంగ మా చెల్లెను దిక్కులేనోళ్ల దవాఖానల ఎందుకేసినవు? ఏమైంది ఆమెకు ఇంట్ల?"

నానమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. నాయిన లేచి నిలబడ్డాడు. గుండు చేయించుకున్న తల మీద చెమట పట్టింది.

"నేను వద్దన్న వదినా. కాళ్లు మొక్కుత అన్న. ఆమెనే పోతనన్నది. పిల్లలు నన్ను చూసి పరేషాన్ కావద్దు అనుకున్నదేమో. మస్తు ధైర్యం ఆమెది."

"నిజమే, మాణెమ్మ మొండిది," అన్నారెవరో. ఆరో బ్లాక్ ఆయన తలూపాడు.

పెద్దమ్మకు నమ్మకం కుదరలేదు. చుట్టూ చూసింది. తలుపు పక్కన నిలబడ్డ నేను కనబడ్డాను.

"మహితా, నువ్వు చెప్పు బిడ్డా. ఎప్పుడు తన పక్కకే ఉన్నవు. మీ అమ్మ తనంతట తానే పోతనన్నదా?"

అందరూ నా వైపు తిరిగారు. నాయిన కూడా. ఆ చూపును నేను డైరీలో ఇప్పటికీ రాయలేకపోయాను. ఆయన బతిమాలలేదు, బెదిరించలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉందని నాకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు.

"అవును," అన్నాను.

పెద్దమ్మ ముక్కు చీది, "చిన్నప్పటి సంది గంతే. చెప్తే ఇనది," అంది. నాయిన చెమట తుడుచుకుని, అందరికీ విస్తర్లు వేయమన్నాడు.